ఎంత చూసినా ఇంకేదో మిస్సవుతున్నానన్న భయం

ప్రశ్న: యూనివర్సిటీలో ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఉద్యోగాలు, పరీక్షలు, స్కాలర్‌షిప్‌ల కోసం చాలా వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో చేరాను. ఏది మిస్సవుతానో అని చూస్తూనే ఉంటాను. లింక్డిన్‌లో తోటివాళ్ల పోస్టులు చూస్తే గుండె దడ. రాత్రి రెండయినా నిద్ర రాదు. యాప్‌లన్నీ తీసేసి, రెండు మూడు రోజులకే మళ్లీ వేసుకున్నాను. నాకు మనోబలం లేదా?

జవాబు: చూడమ్మా, ముందు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. అవసరమైన కబురు కూడా వాటిలోనే వస్తున్నప్పుడు ఒక్కసారిగా అన్నీ తీసేస్తే ఎవరైనా మళ్లీ వేసుకుంటారు, పైగా ఈలోపు ఏం పోయిందో అన్న కంగారు అదనం.

నాకనిపించేదేంటంటే, నువ్వు చాలాసార్లు ఫోన్ తీసేది సమాచారం కోసం కాదు, భయం తగ్గించుకోవడానికి. చూడగానే హమ్మయ్య, కొత్తగా ఏం లేదు అని కాస్త ఊరట, మనసు దానికి అలవాటుపడి కాసేపటికే మళ్లీ చూడమంటుంది. తాళం వేశానా లేదా అని పదేపదే వెనక్కి వెళ్లేవాళ్లకి చూసినకొద్దీ అనుమానం పెరిగినట్టే ఇదీను. దానికితోడు ఫీడ్ ఎక్కడా అయిపోదు. 2006లో ఏజా రాస్కిన్ అనే డిజైనర్ ఈ అంతులేని స్క్రోల్‌ని తయారుచేశాడు, తర్వాత ఆయనే బాధపడ్డాడనుకో.

గ్రూపులన్నిట్లో తిరిగేది చాలావరకు ఒకే ఫార్వర్డ్. అసలు ప్రకటన వచ్చేది యూనివర్సిటీ మెయిల్‌లోనో, ఆ సంస్థ వెబ్‌సైట్‌లోనో. రోజుకు రెండుసార్లు టైమ్ పెట్టుకుని అవే చూడు, చివరి తేదీలు కాగితం మీద రాసుకో. దరఖాస్తులకు మామూలుగా రోజుల గడువు ఉంటుంది, గంటల్లో పోయేవి తక్కువ. పనికొచ్చే గ్రూపులు ఒకటి రెండు ఉంచుకుని మిగతావి మ్యూట్ చెయ్యి, బయటికి రానక్కర్లేదు. మొదట్లో టెన్షన్ పెరుగుతుంది, పెరగనీ. చూడకుండా కాసేపు ఉంటే దానంతటదే దిగుతుందని నీకే తెలుస్తుంది.

పూర్తిగా మానేయాలనేం లేదు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో 143 మంది విద్యార్థులతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకు 10 నిమిషాలే చూసినవాళ్లకి మూడు వారాల్లో ఒంటరితనం, దిగులు తగ్గాయి.

లింక్డిన్ సంగతంటావా, ఉద్యోగం వచ్చినవాళ్లు పోస్టు పెడతారు, రానివాళ్లు ఎందుకు పెడతారు? కంగ్రాట్స్ అని కామెంట్ రాసే బదులు ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చెయ్యి, అంతకుముందు ఎన్నిచోట్ల కాదన్నారో అప్పుడు చెబుతారు.

రాత్రి ఫోన్ వేరే చోట పెట్టు, అలారానికి గడియారం కొనుక్కో.

ఇవన్నీ చేసినా రెండు వారాలకి దడ, నిద్రలేమి తగ్గకపోతే, క్లాసులకి వెళ్లలేకపోతుంటే యూనివర్సిటీ కౌన్సెలర్‌ని కలువు. బతకాలని లేదనిపిస్తే మాత్రం ఆగొద్దు, ఆ రోజే ఇంట్లోవాళ్లకి చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లు. దడకి థైరాయిడ్, రక్తహీనత కూడా కారణం కావచ్చు, కాబట్టి ఒకసారి రక్తపరీక్ష చేయించుకో.