ఏసీలో గ్యాస్ ఏటా ఎందుకు తగ్గుతోంది? పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా ఇల్లు కొత్తపట్నంలో, సముద్రానికి బాగా దగ్గరగా ఉంది. నాలుగేళ్ల కిందట కొన్న స్ప్లిట్ ఏసీకి ప్రతి వేసవిలోనూ గ్యాస్ పట్టించవలసి వస్తోంది. సముద్రం పక్కన గ్యాస్ త్వరగా అయిపోవడం మామూలేనని మెకానిక్ అంటున్నారు. మా అత్తగారింట్లో ఆర్-22 గ్యాస్‌తో నడిచే పాత ఏసీలో కొత్త రకం ఆర్-32 వేయిస్తే కరెంటు కూడా కలిసివస్తుందని ఆయనే చెప్పారు. ఈ మాటలు నమ్మవచ్చునా? – ఒక పాఠకుడు, కొత్తపట్నం

సమాధానం: మొదటి మాటలో సగం నిజం ఉంది, రెండవది ప్రమాదకరమైన సలహా. ఏసీలోని గ్యాస్ బండిలోని పెట్రోలులాగా వాడినకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాలలో అదే గ్యాస్ ఒకచోట ద్రవంగానూ, మరొకచోట వాయువుగానూ మారుతూ గదిలోని వేడిని బయటికి మోస్తుంది కాబట్టి, గొట్టాలు బాగున్నంతకాలం అది తరగవలసిన అవసరం లేదు. ఏటా తగ్గుతున్నదంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం. కారే చోటు మూయకుండా గ్యాస్ పట్టించినందువల్ల వచ్చే వేసవికి మెకానిక్‌కు పని ఖాయం కావడమే తప్ప మీకు ఒరిగేదేమీ లేదు.

సముద్రం పాత్ర మాత్రం నిజమే. ఔట్‌డోర్ యూనిట్‌లో రాగి గొట్టాల చుట్టూ పలుచని అల్యూమినియం రేకులుంటాయి. ఉప్పుతేమ పట్టినప్పుడు, ఒకదానినొకటి తాకి ఉన్న ఈ రెండు లోహాలలో అల్యూమినియం ముందుగా తినివేయబడుతుంది. స్విచ్ ఆపి, ఆ రేకులను వేలితో మెల్లగా తాకి చూడండి. తెల్లని పొడి రాలితే తుప్పు బాగా ముదిరిందని అర్థం. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దిగా బయటికి వస్తుంది కనుక, కారే చోట నూనె మరక ఏర్పడి దాని మీద దుమ్ము అట్టకడుతుంది. ఇన్‌డోర్ యూనిట్ నుంచి వచ్చే పైపులు ఔట్‌డోర్ యూనిట్‌కు కలిసే నట్ల దగ్గర అటువంటి మరక ఉన్నదేమో ముందుగా చూడండి. లీకేజీ అక్కడే ఉంటే మరమ్మతుకు పెద్దగా ఖర్చు కాదు. కాయిల్‌లోనే, అంటే ఆ రాగి గొట్టాలు, రేకులు కలిసిన భాగంలోనే ఉంటే దానిని మార్చడమా, యంత్రాన్నే మార్చడమా అన్నది లెక్క వేసుకోవలసి ఉంటుంది.

మెకానిక్‌ను పిలిచినప్పుడు పని ఏ వరుసలో జరగాలో మీరే అడగాలి. గొట్టాలలోకి పొడి నైట్రోజన్‌ను ఒత్తిడితో పంపి, అతుకుల మీద సబ్బు నురగ రాసి, బుడగలు వచ్చే చోటు పట్టుకోవాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెస్తే మాత్రం పని ఆపించండి, నూనెతో కలిసి పేలుడు జరిగే ప్రమాదం ఉంది. లీకేజీ మూసిన తరువాత వ్యాక్యూమ్ పంపుతో గాలిని, తేమను పూర్తిగా లాగివేసి, యూనిట్ మీద రాసి ఉన్న బరువు ప్రకారం కాటా పెట్టి గ్యాస్ నింపాలి. పైపు చల్లగా తగిలిందని చేతితో అంచనా వేసే పద్ధతి ఈ రోజుల్లో పనికిరాదు.

ఉప్పు పేరుకోకుండా నెలకొకసారి, కరెంటు ఆపి, ఔట్‌డోర్ యూనిట్ రేకులను మంచినీటితో సన్నని ధారగా కడగండి. తీరంలో చాలాచోట్ల బోరు నీరే ఉప్పగా ఉంటుంది; దానితో కడిగితే జబ్బునే మందుగా పోసినట్లవుతుంది. కొత్తది కొనేటప్పుడు రక్షణ పూత ఉన్న కాయిల్‌ను ఎంచుకుని, యూనిట్‌ను సముద్రానికి ఎదురుగా కాక ఇంటి చాటున బిగించండి.

ఇక ఆర్-22 సంగతి. మాంట్రియల్ ఒప్పందం ప్రకారం ఓజోన్ పొరకు హాని చేసే ఈ గ్యాస్‌తో కొత్త యంత్రాల తయారీ మన దేశంలో 2024 డిసెంబరు 31తో ముగిసింది. పాత యంత్రాల మరమ్మతుకు అది ఇంకా దొరుకుతుంది కానీ క్రమంగా తగ్గిపోతుంది. దాని బదులు ఆర్-32 నింపకూడదు. ఆర్-32 పనిచేసే ఒత్తిడి సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ, దానికి కావలసిన నూనె వేరు, పైగా కొంతమేరకు మండే గుణం ఉన్నది. ఆ పాత ఏసీ కాయిల్ చెడిపోయేదాకా ఆర్-22తోనే నడిపించి, ఆ తరువాత మార్చడం మేలు.

ప్రశ్న: కనిగిరిలో హాయిగా పనిచేసిన మా ఎయిర్ కూలర్, ఒంగోలుకు బదిలీ అయి వచ్చాక ఒళ్లంతా జిడ్డు చేస్తోంది. మోటారు చెడిపోయిందా? – ఒక ఉపాధ్యాయిని, ఒంగోలు

సమాధానం: మోటారు బాగానే ఉండి ఉంటుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది కనుక, గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. కనిగిరి ఎండలో 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్నప్పుడు మంచి కూలర్ నుంచి 26 డిగ్రీల దగ్గర గాలి వస్తుంది. ఒంగోలులో సముద్రపు గాలి తిరిగాక 35 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉంటే వచ్చే గాలి 30 డిగ్రీలు దాటి ఉంటుంది, పైగా తేమ కలిసి వస్తుంది. కాబట్టి పడమటి గాడ్పు వీచే వేళల్లో, కిటికీ తెరిచి ఉంచి, నీటితో వాడండి. సముద్రపు గాలి మొదలైనప్పుడు పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపండి. ప్యాడ్ల మీద తెల్లని పెచ్చు కట్టి ఉంటే మార్చండి.

ప్రశ్న: నెల్లూరులో మేడమీద పోర్షన్ మాది. 1.5 టన్నుల కొత్త ఏసీ పెట్టినా రాత్రి పన్నెండు దాటేదాకా గది చల్లబడదు. 2 టన్నులది తీసుకోమంటారా? – ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: తొందరపడకండి. రోహిణీ కార్తెలో పగలంతా కాగిన కాంక్రీటు స్లాబు అర్ధరాత్రి దాకా ఆ వేడిని గదిలోకి దించుతూ ఉంటుంది. మీ ఏసీ గదితో పాటు ఆ స్లాబును కూడా చల్లార్చవలసి వస్తోంది. రాత్రి ఎనిమిదింటికి సీలింగుకు అరచేయి ఆనించి చూడండి, గోరువెచ్చగా తగిలితే దోషం పైకప్పుదే. మేడ మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయించడం, లేదా నీడనిచ్చే రేకుల పందిరి వేయడం పెద్ద ఏసీ కంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ కాలం పనికివస్తుంది. ఆ తరువాత 24 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాను కలిపి తిప్పి చూడండి. అప్పటికీ చాలకపోతే టన్నుల సంగతి ఆలోచించవచ్చు.

ప్రశ్న: ఇన్‌డోర్ యూనిట్ నుంచి గోడ మీదికి నీరు కారుతోంది. గ్యాస్ తక్కువైందా? – ఒక గృహిణి, కోవూరు

సమాధానం: చాలావరకు డ్రెయిన్ పైపులో పాచి, దుమ్ము అడ్డుపడి ఉంటాయి. ఫిల్టర్ కడిగించి, పైపును ఊదించి, వాలు సరిచేయించండి. ఆ తరువాత కూడా కారుతూ, కాయిల్ మీద మంచు పేరుకుంటున్నట్లయితే అప్పుడు గ్యాస్ కారుతున్నదేమో చూపించవచ్చు.