ఏపీ ల్యాంగ్‌కు ఏం చదవాలి? అలంకారాల జాబితా మాత్రం కాదు

మీ అమ్మాయి పదకొండో తరగతి చదువుతోందని, మే నెలలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే అమెరికా హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) ఇంగ్లీష్ ల్యాంగ్వేజ్ అండ్ కాంపోజిషన్, క్లుప్తంగా ఏపీ ల్యాంగ్, రాయబోతోందని, చేతిలో మూడు నెలలే ఉన్నాయి కనుక కోచింగులో చేర్పించాలా, లేక ఒక పుస్తకం కొనిచ్చి అలంకారాల పేర్లు కంఠస్థం చేయిస్తే చాలునా అని అడిగారు. ఈ రెండు పనులూ నేను చేసి, రెండింటిలోనూ చేతులు కాల్చుకున్నవాణ్ణి. మా పెద్దమ్మాయి 2025 మేలో ఈ పరీక్ష రాసింది. కోచింగుకు డబ్బు పోయింది, జాబితాకు ఒక నెల పోయింది. పనికొచ్చిందల్లా ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర మా ఇద్దరి మధ్య జరిగిన వాదన ఒక్కటే. అందువల్ల దాని గురించే ఎక్కువగా రాస్తాను.

ముందు కోచింగు సంగతి. శనివారం శనివారం కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చెప్పే తరగతి అది. మొదటి రోజే 64 పేర్లున్న ఒక కాగితం పంపారు. అనాఫొరా, చియాస్మస్, లైటొటీజ్, పాలిసిండెటన్, ఇలా సాగిపోతుంది. మా అమ్మాయి వాటిని అట్టముక్కల మీద రాసుకుని, ఒకవైపు పేరు, మరోవైపు అర్థం చూసుకుంటూ నెల రోజుల్లో ఎక్కడ ఆపి అడిగినా చెప్పగలిగే స్థాయికి వచ్చింది. నాకూ చాలా సంతోషం కలిగింది. ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషును నేను కూడా గైడు పుస్తకాల్లోంచి అలాగే మింగినవాణ్ణి కనుక, చదువు అంటే ఇదే కదా అనుకున్నాను. ఫోనులో మా అమ్మకు ఈ విషయం గొప్పగా చెబితే, “ఏపీ ఇంగ్లీషంటే మన ఆంధ్రా ఇంగ్లీషేనా, దానికి అంత కష్టం దేనికి?” అని అడిగింది.

ఆ తరువాత బడిలో సాధన కోసం ఒక వ్యాసం రాయించారు. 2019 పరీక్షలో నిజంగా వచ్చిన ప్రశ్న అది: 1930లో, ఉప్పు సత్యాగ్రహానికి బయలుదేరే ముందు, గాంధీ వైస్రాయ్ లార్డ్ ఇర్విన్‌కు రాసిన ఉత్తరంలోని కొంత భాగం ఇచ్చి, తన వాదనను నిలబెట్టుకోవడానికి ఆయన చేసిన ఎంపికలను విశ్లేషించమన్నారు. మన గాంధీ, మన ఉప్పు, కనుక మా అమ్మాయికి తిరుగుండదనుకున్నాను. ఆరుకు మూడు వచ్చాయి. కాగితం అంచున టీచరు ఎర్ర సిరాతో మూడుచోట్ల ఒకే ప్రశ్న రాశారు: “అయితే ఏమిటి?”

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆ కాగితాన్ని మా మధ్య పెట్టుకుని కూర్చున్నాం. వ్యాసమంతా ఒకే మూసలో ఉంది. గాంధీ ఇక్కడ ఈథోస్ (చెప్పేవాడి మీద నమ్మకం కలిగించడం) వాడారు, ఇక్కడ పునరుక్తి వాడారు, ఇక్కడ బలమైన పదాలు వాడారు. పోలీసులు పంచనామా రాసినట్టు దొరికిన వస్తువులన్నీ వరుసగా రాసి ఉన్నాయి గాని, నేరం ఎలా జరిగిందో మాత్రం ఎక్కడా లేదు. నేను సాహిత్యం చదివినవాణ్ణి కాను, యంత్రాల మధ్య బతికేవాణ్ణి. అందుకే నాకు తోచిన మొరటు ప్రశ్నే అడిగాను.

“ఈ ఉత్తరం ఎవరి చేతికి వెళ్లింది, తల్లీ?”

“వైస్రాయ్ చేతికి.”

“ఆయన తలుచుకుంటే ఏం చేయగలడు?”

“జైల్లో పెట్టించగలడు.”

“మరి జైల్లో పెట్టించగలవాడికి ఎవరైనా ‘ప్రియ మిత్రమా’ అని మొదలుపెట్టి ఎందుకు రాస్తారు?”

“అది మర్యాద, నాన్నా” అంది. మర్యాదేనా అని నేను, మర్యాదే అని తను, గొంతులు పెరిగాయి. మా ఆవిడ లోపలినుంచి వచ్చి ఇద్దరినీ మందలించి వెళ్లింది. అప్పుడు నాకు రాయబారం గుర్తొచ్చింది. కృష్ణుడు కౌరవ సభలో ధృతరాష్ట్రుడితో మాట్లాడినప్పుడు కులం నాశనమవుతుందని, పెద్దవాడివి నీవే అడ్డుకోవాలని చెబుతాడు. అదే కృష్ణుడు కర్ణుణ్ణి విడిగా తీసుకువెళ్లి, నీవు కుంతి కొడుకువు, రాజ్యం నీదే అంటాడు. కర్ణుడికి చెప్పింది ధృతరాష్ట్రుడికి చెబితే పనిచేయదు, ధృతరాష్ట్రుడికి చెప్పింది కర్ణుడికి చెబితే అసలే పనిచేయదు. వినేవాడి బలమేమిటో, భయమేమిటో, ఆశేమిటో తూచి మాటను ఎంచుకోవడమే రాయబారం. ఈ పరీక్షలో ‘రెటారికల్ ఛాయిస్’ అని పిలిచేది కూడా అదేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇంగ్లీషు ప్రొఫెసర్లు ఒప్పుకోకపోతే అది వారి ఇష్టం.

తరువాత ఉత్తరం మొత్తం తీసి చదివాం. ప్రశ్నలో ఇచ్చిన భాగం దాటి పరీక్షలో రాయడం కుదరదు గాని, సాధనలో చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అందులో గాంధీ బ్రిటిష్ పాలనను శాపమంటూనే, ఇంగ్లీషువాళ్లు ప్రపంచంలో మరెవరికన్నా చెడ్డవాళ్లని తాను అనుకోనంటాడు. నెలకు 21,000 రూపాయలకు పైబడిన వైస్రాయ్ జీతాన్ని, రోజుకు రెండణాలు కూడా లేని భారతీయుడి సగటు ఆదాయం పక్కన పెట్టి చూపిస్తాడు. ఆ దెబ్బ వేసిన వెంటనే, మిమ్మల్ని నొప్పించాలని కాదు, మనిషిగా మీమీద నాకు గౌరవముందని సర్దుతాడు. నన్ను అరెస్టు చేసి నా ప్రయత్నాన్ని ఆపడం మీ చేతుల్లోనే ఉందని తానే ఒప్పుకుంటాడు. చివరికి ఇది బెదిరింపు కాదని చెప్పి, ఆ ఉత్తరాన్ని తపాలాలో వేయకుండా ఒక ఇంగ్లీషు యువకుడి చేతికిచ్చి పంపుతాడు. రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఆ యువకుడే దాన్ని తీసుకువెళ్లాడు.

మా అమ్మాయి అక్కడ ఆగింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “నాన్నా, అహింసతో బ్రిటిష్ ప్రజల మనసు మార్చడమే తన ఆశయమని పైన రాశాడు కదా. మనసు మారిన ఇంగ్లీషువాడొకడు ఆ కాగితం పట్టుకుని వైస్రాయ్ గుమ్మం ముందు నిలబడితే, అది సాధ్యమేనని ఉత్తరం విప్పకముందే రుజువైనట్టే కదా” అంది. ఆ వాక్యంలో 64 పేర్లలో ఒక్కటీ లేదు. దాన్ని ఒక పేరాగా విస్తరించి, వ్యాసం మళ్లీ రాసి టీచరుకు ఇస్తే ఆరుకు అయిదు వచ్చాయి.

ఇది మా ఇంటి అదృష్టం కాదు, మార్కులు వేసే పద్ధతే అలా ఉంది. ఈ పరీక్షలో మూడు వ్యాసాలు రాయాలి, గాంధీ ఉత్తరం లాంటి విశ్లేషణ వాటిలో ఒకటి. ప్రతి వ్యాసానికి ఆరు పాయింట్లు. థీసిస్‌కు, అంటే వ్యాసం నిలబెట్టే ప్రధాన వాదనకు ఒకటి, ఆధారాలకూ వాటి మీది వ్యాఖ్యానానికీ కలిపి నాలుగు, సోఫిస్టికేషన్, అంటే ఆలోచనలోని లోతుకు ఒకటి. మూడు వ్యాసాలూ కలిసి మొత్తం స్కోరులో 55 శాతం. అంటే ప్రతి వ్యాసంలోనూ మూడింట రెండు వంతులు, ఆధారం చూపించి దానికి “అయితే ఏమిటి?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం మీదే ఆధారపడి ఉంది. అలంకారాన్ని గుర్తించి ఊరుకుంటే అందులో సగానికే ఆగిపోతారు. ఇక ఆ సోఫిస్టికేషన్ పాయింటు గురించి కోచింగులో చేసే హడావుడి అంతా ఇంతా కాదు. దాని కోసం పిల్లలు నిఘంటువులోంచి బరువైన మాటలు ఏరి తెచ్చి, తేలికగా చెప్పగలిగిన దాన్ని ముడులు వేసి చెప్పడం నేర్చుకుంటున్నారు. దాన్ని మరిచిపొమ్మని చెప్పండి, వస్తే వస్తుంది.

సింథసిస్ వ్యాసం గురించి నాకు చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక విషయం మీద ఆరు మూలాలు ఇస్తారు, కనీసం మూడింటిని వాడి సొంత వాదన అల్లాలి. ఒక్కొక్కదాన్నీ వరుసగా సంగ్రహించుకుంటూ పోవడమే అందరూ చేసే తప్పు. మూలాలు సాక్షులు మాత్రమే, తీర్పు రాసేవాళ్లదేనని చెబితే మా అమ్మాయికి ఒక్క మాటలో అర్థమైంది.

మూడో వ్యాసం ఆర్గ్యుమెంట్. ఇక్కడ కోచింగు మీద కన్నా నామీద నాకు ఎక్కువ ఫిర్యాదు ఉంది. ఈ వ్యాసంలో మూలాలేవీ ఇవ్వరు. ఒక అభిప్రాయం ఇచ్చి, నీ వైఖరి ఏమిటో, ఎందుకో చెప్పమంటారు. మా అమ్మాయి రాసిన మొదటి మూడు ఆర్గ్యుమెంట్ వ్యాసాలూ గోడమీది పిల్లి వాటమే. ఇదీ నిజమే, అదీ నిజమే, ఎవరి పరిస్థితులు వారివి. ఎందుకని ఆలోచిస్తే తప్పు ఇంట్లోనే కనిపించింది. పదహారేళ్లపాటు “పెద్దవాళ్లకు ఎదురు చెప్పకు” అని పెంచి, పదిహేడో ఏట “ఎదురు చెప్పడం నేర్పండి” అని పరాయివాళ్లకు డబ్బు కట్టడం మన ఇళ్లలోనే జరుగుతుంది. నాకు తెలిసిన తెలుగు పిల్లల్లో చాలామంది ఈ వ్యాసం దగ్గరే తడబడ్డారు, కారణం వాళ్ల ఇంగ్లీషు కాదని నా దృఢమైన అభిప్రాయం.

అందుకని రాత్రి భోజనాల దగ్గర ఒక నియమం పెట్టుకున్నాం. తను ఒక అభిప్రాయం చెప్పాలి, దానికి నిర్దిష్టమైన ఉదాహరణ ఒకటైనా ఇవ్వాలి, నా అభ్యంతరానికి జవాబు చెప్పాలి. నేను మాత్రం “నీకేం తెలుసు” అనకూడదు. మొదటి రాత్రే తను ఎంచుకున్న విషయం, తొమ్మిదింటికి ఫోను లాక్కోవడం న్యాయమా కాదా అన్నది. నేను ఓడిపోయాను, ఫోను గడువు పదింటికి మారింది. రెండో వారానికి పాఠశాల యూనిఫారాల మీద, ఓటు హక్కు వయసు మీద మాట్లాడుతూ ఉదాహరణలు తనంతట తానే వెతుక్కునే స్థితికి వచ్చింది. మా ఆవిడ మాత్రం ఈ నియమం పరీక్షతోనే ముగియాలని ముందే షరతు పెట్టింది, అది నెరవేరలేదు.

మల్టిపుల్ ఛాయిస్ భాగం 45 ప్రశ్నలు, 60 నిమిషాలు, స్కోరులో 45 శాతం. పాఠ్యభాగాలు చదివే సమయం కూడా ఆ గంటలోనిదే కనుక వేగం ముఖ్యం. తప్పుకు మార్కులు తగ్గించే పద్ధతిని 2011లోనే తీసేశారు. నెగటివ్ మార్కుల భయంతో పెరిగిన మనం పిల్లలకు “తెలియకపోతే వదిలెయ్” అని అలవాటుగా చెబుతుంటాం, ఇక్కడ అది తప్పుడు సలహా. మరో సంగతి, 2025 నుంచి ఈ పరీక్షను బ్లూబుక్ అనే అప్లికేషన్‌లో కంప్యూటర్ మీదే రాస్తున్నారు. మా అమ్మాయి సాధన అంతా కాగితం మీద చేసి, చివరి మూడు వారాల్లో హడావుడిగా టైపింగుకు మారింది. మీరు మొదటినుంచే కంప్యూటర్ ముందు, ఒక్కో వ్యాసానికి నలభై నిమిషాలు గడియారం పెట్టి రాయించండి.

పుస్తకం కొనాలా అన్నారు. ఈ పరీక్ష నిర్వహించే కాలేజ్ బోర్డు తన వెబ్‌సైటులో పాత సంవత్సరాల వ్యాస ప్రశ్నలను, విద్యార్థులు రాసిన నమూనా జవాబులను, వాటికి ఆ పాయింట్లు ఎందుకు వేశారో వివరించే వ్యాఖ్యలను ఉచితంగానే పెట్టింది. మంచి వ్యాసాలకన్నా తక్కువ పాయింట్లు వచ్చినవాటిని మీ అమ్మాయి చేత ముందు చదివించండి. తన వ్యాసమే ఎవరో రాసి పెట్టినట్టు తనకు అనిపిస్తుంది, ఆ సిగ్గు చాలా పనిచేస్తుంది.

జూలైలో ఫలితం వచ్చింది, అయిదుకు నాలుగు. మాకు తృప్తిగానే ఉంది. కోచింగువాళ్లు ఇచ్చిన ఆ 64 పేర్ల కాగితం ఇంకా మా సొరుగులోనే ఉంది. మీకు కావాలంటే పంపిస్తాను, కాని ఏప్రిల్ దాకా మీ అమ్మాయి కంట పడనివ్వనని మాట ఇస్తేనే.