క్యాబేజీకి ఆకులే తప్ప గడ్డ రావట్లేదా? తాడు కాదు, తేదీ మార్చాలి

మీరు అడిగింది ఇదీ: రాజమండ్రిలో మేడ మీద, జనవరి చివర్లో నర్సరీ నుంచి క్యాబేజీ నారు తెచ్చి గ్రో బ్యాగుల్లో పెట్టారు. ఇప్పుడు మార్చి నడుస్తోంది. ఆకులు పచ్చగా, వెడల్పుగా పరుచుకున్నాయి గానీ మధ్యలో గడ్డ ఊసే లేదు. ఆకులన్నీ దగ్గరికి చేర్చి తాడుతో కట్టేస్తే గడ్డ కడుతుందని పక్కింటావిడ చెప్పారు. కట్టమంటారా, ఇంకేమైనా మందు వేయాలా?

తాడు కట్టకండి. మందూ వద్దు. ఈ సలహా చాలామంది ఇస్తారు, ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు. కాలీఫ్లవర్‌కి పువ్వు మీద ఎండ పడి పసుపు రంగుకి తిరగకుండా చుట్టూ ఉన్న ఆకుల్ని పైకి లేపి కడతారు. అది అప్పటికే వచ్చిన పువ్వుని కాపాడటానికి. క్యాబేజీలో కథ వేరు. ఈసారి బజారు నుంచి తెచ్చిన గడ్డని నిలువుగా రెండు చెక్కలు చేసి చూడండి. మధ్యలో పొట్టిగా తెల్లటి కాడ, దాని చుట్టూ ఒకదాని మీద ఒకటి ముడుచుకున్న ఆకులు కనిపిస్తాయి. అదంతా కాండం చివర ఉండే పెద్ద మొగ్గ. కొత్త ఆకులు లోపలి నుంచి పుడుతూ, బయటికి విచ్చుకోకుండా లోపలే ఒత్తుకుంటూ పోతే గడ్డ అవుతుంది. ఒకసారి విచ్చుకున్న ఆకు మళ్లీ ముడుచుకోదు, మీరు ఎన్ని తాళ్లు కట్టినా సరే. పైగా కట్టిన ఆకుల మధ్య తేమ నిలిచి కుళ్లు పడుతుంది, పురుగులకి చల్లటి ఇల్లు దొరుకుతుంది.

ఆ మొగ్గ ముడుచుకోవాలంటే చలి కావాలి. 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే క్యాబేజీకి పండగే. 25 దాటే కొద్దీ గడ్డ వదులవుతుంది, లేదా అసలు కట్టదు. మార్చిలో మీ మేడ మీద మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకే తెలుసు. పైగా సిమెంటు వేడి కింది నుంచి కూడా కొడుతుంది. నాటిన తర్వాత నెలన్నరకి గడ్డ మొదలవ్వాలి, మీకు ఆ సమయం సరిగ్గా ఎండలు ముదిరే రోజుల్లో వచ్చి పడింది. మీ మట్టి తప్పు కాదు, మీ చేతి తప్పు కాదు. ఆ నెలలో నారు అమ్మిన నర్సరీవాళ్లు ఒక మాట చెప్పి ఉండాల్సింది.

అయినా ఒక్కటి చూసుకోండి. ప్రతి మొక్కకీ నడిమి చిగురు ఉందా? కొన్నిసార్లు చిన్న పురుగు ఒకటి చిగురులోకి దూరి గుండెకాయ లాంటి ఆ భాగాన్నే తినేస్తుంది. అప్పుడు పక్కల నుంచి రెండు మూడు పిలకలు వస్తాయి, పెద్ద గడ్డ మాత్రం ఇక రాదు. అలాంటి మొక్క మీద సానుభూతి చూపించి లాభం లేదు, పీకేయండి.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, మా అత్తగారి ఇల్లు కాకినాడ. రెండు చోట్లా మేడ మీద క్యాబేజీ పెంచుతున్నాం కాబట్టి తేడా బాగా తెలిసింది. హైదరాబాద్‌లో డిసెంబరు రాత్రులు మంచి చలి, అందుకని ఓ రెండు వారాలు అటూ ఇటూ అయినా నెట్టుకురావచ్చు. గోదావరి జిల్లాల్లో, కోస్తాలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ చలి ఉండేదే కొద్ది రోజులు, గడ్డ కట్టే దశని ఆ రోజుల్లోనే ఇరికించాలి. మా అత్తగారి లెక్క ఇంగ్లీషు నెలల్లో ఉండదు. వినాయక చవితి అయ్యాక విత్తనం, దీపావళి ముందు నాటడం, సంక్రాంతికి కోత. పండగలు ఏటా కొంచెం జరిగినా ఈ లెక్క బాగానే పనిచేస్తుంది. తేదీల్లోనే కావాలంటే, మీరు సెప్టెంబరు రెండో సగంలో విత్తుకుని, అక్టోబరు చివరికల్లా బ్యాగుల్లోకి మార్చేయండి.

విత్తనం విషయంలో పేరు చూసి కొనండి. గోల్డెన్ ఎకర్ అనే పాత రకం మేడ తోటకి నాకు బాగా నచ్చింది. మొక్క చిన్నది, నాటిన 60–65 రోజుల్లో గుండ్రటి చిన్న గడ్డ ఇస్తుంది. పూసా అగేతి అనే రకాన్ని కాస్త వేడి ఉన్న వాతావరణానికే తయారు చేశారు, దొరికితే కోస్తాకి అదీ మంచిదే. డ్రమ్‌హెడ్ రకాలు ఆలస్యంగా కోతకొస్తాయి, వాటి జోలికి మీరు పోవద్దు. ప్యాకెట్ మీద కోత ఎన్ని రోజులకో రాసి లేకపోతే దాన్ని అక్కడే పెట్టేయండి.

నారు నాలుగైదు ఆకులు వేసి, 25–30 రోజుల వయసులో ఉన్నప్పుడు మార్చాలి. ప్రోట్రేలో, అంటే చిన్న చిన్న గుంటలుండే ప్లాస్టిక్ ట్రేలో పెంచితే వేరు కదలకుండా వస్తుంది. ముదురు నారు, నర్సరీలో పడి పడి కాడ సాగిపోయిన నారు చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. ఒక్కో మొక్కకి కనీసం 12 అంగుళాల లోతు, అంతే వెడల్పు ఉన్న బ్యాగు కావాలి. ఒకే బ్యాగులో రెండు పెడితే రెండూ ఆకుకూరే. మట్టిలో మూడో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, ఓ గుప్పెడు వేపపిండి చాలు. దీని ఆకలి మాత్రం ఎక్కువ, అందుకని పదిహేను రోజులకోసారి వర్మీకంపోస్టో, జీవామృతమో ఇస్తుండాలి. అయితే గడ్డ కట్టడం మొదలయ్యాక యూరియా లాంటివి గుమ్మరించకండి, ఆకు పెరుగుతుంది, గడ్డ వదులవుతుంది. రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. ఇంకో మాట, కింది ఆకులు అందంగా లేవని తుంచేస్తుంటారు కొందరు. లోపలి గడ్డకి తిండి పెట్టేవి ఆ ఆకులే. పూర్తిగా పసుపు పడితే తప్ప ముట్టుకోవద్దు.

ఇక పురుగులు. క్యాబేజీ పెంచడంలో సగం పని ఇదే. ఆకు మీద కిటికీల్లా పలచటి పొర మిగిల్చి, మిగతాది గీకేసినట్టు ఉంటే అది డైమండ్ బ్యాక్ మాత్ అనే రెక్కల పురుగు పిల్లల పని. ఆకు తిరగేస్తే వేలి గోరంత లేత పచ్చ పురుగు ఉంటుంది. దాన్ని పుల్లతో తాకితే గిలగిలా కొట్టుకుని, సన్నటి దారం వదులుతూ ఆకు నుంచి కిందికి వేలాడుతుంది. కాసేపాగి అదే దారం పట్టుకుని పైకి పోతుంది. ఈ పురుగు పొలాల్లో ఎన్నో మందులకి అలవాటు పడిపోయింది, మేడ మీద మీరు ఘాటు మందులు కొట్టినా మీ వంటకే ముప్పు. మొదట్లోనే తెల్లటి ఇన్సెక్ట్ నెట్ వేసేస్తే రెక్కల పురుగు వచ్చి గుడ్లు పెట్టే అవకాశమే ఉండదు. నా దృష్టిలో ఖర్చు పెట్టాల్సింది అక్కడే. అది కుదరకపోతే పోపుల పెట్టెలోంచి నాలుగు ఆవాలు తీసి, క్యాబేజీ నాటడానికి రెండు వారాల ముందే పక్క కుండీలో చల్లండి. పురుగు మొదట ఆ ఆవ మొక్కల మీదికి పోతుంది. రైతులు కూడా క్యాబేజీ మళ్ల మధ్య ఆవాలని ఎర పంటగా వేస్తారు.

పిచికారీ చేయాల్సి వస్తే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, దాంట్లో కాస్త కుంకుడుకాయ రసం. కుంకుడు రసం మానేయకండి. క్యాబేజీ ఆకు మీద మైనం లాంటి పూత ఉంటుంది, ఉత్త నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. పురుగు మరీ ఎక్కువైతే బీటీ పొడి (పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) ప్యాకెట్ మీద రాసిన మోతాదులో సాయంత్రం కొట్టండి, ఎండలో దాని బలం తగ్గిపోతుంది. పేనుబంక వస్తే నీటి గొట్టంతో గట్టిగా కొడితే చాలావరకు పోతుంది. ఆకు అంచు నుంచి లోపలికి ఇంగ్లీషు ‘వి’ ఆకారంలో పసుపు మచ్చ, అందులో నల్లటి ఈనెలు కనిపిస్తే మాత్రం అది నల్ల కుళ్లు. ఆ మొక్కని తీసేయాలి, కంపోస్టులో వేయకూడదు.

బొటనవేలితో నొక్కితే గడ్డ గట్టిగా ఉంటే కోసేయొచ్చు. ఇంకొంచెం పెరుగుతుందేమో అని ఆశపడి ఆగితే పగులుతుంది, ముఖ్యంగా రెండు మూడు రోజులు నీళ్లు మర్చిపోయి ఒకేసారి బకెట్ పోస్తే. కోత వాయిదా వేయక తప్పకపోతే మొక్కని మొదట్లో పట్టుకుని కొంచెం తిప్పండి, కొన్ని వేళ్లు తెగి నీళ్లు లాగడం తగ్గుతుంది.

ఇప్పుడున్న మొక్కల సంగతి. వాటిని ఏప్రిల్ దాకా మోయడం దండగ. లేత ఆకులన్నీ కోసి, మధ్య ఈనె తీసేసి, సన్నగా తరిగి పెసరపప్పు వేసి కూర చేయండి, గడ్డకి ఏమాత్రం తీసిపోదు. ముదురు ఆకులు పచ్చడికి పనికొస్తాయి. ఖాళీ అయిన బ్యాగుల్లో గుప్పెడు ఎరువు కలిపి బెండ గానీ గోంగూర గానీ వేసేయండి, ఎండాకాలం వాటిదే. మళ్లీ చవితి తర్వాత క్యాబేజీ నారు సిద్ధం చేసుకున్నప్పుడు ఈ బ్యాగులు కాకుండా వేరేవి వాడండి. ముల్లంగి, ఆవాలు, కాలీఫ్లవర్ పెంచిన మట్టి కూడా వద్దు, అవన్నీ ఒకే కుటుంబం కాబట్టి తెగుళ్లు కూడా ఉమ్మడే.