నొప్పి ఎంతని రోగినే ఎందుకు అడుగుతారు?

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో చాలాకాలం గుమస్తాగా పనిచేశారు. పోయిన నెల విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయనకు మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. మొదటి రాత్రి ఆయన మూలుగుతుంటే నర్సమ్మను పిలిచాను. "ఇంకా టైం కాలేదండీ" అని వెళ్లిపోయారు. రెండో రాత్రి వచ్చిన సిస్టరు నేను చెబుతున్నా ఆగకుండా, పదికి ఎంత నొప్పి ఉందో చెప్పమని నాన్నగారినే అడిగారు. తర్వాత ఆయన ఛాతీ వైపు చూస్తూ, గడియారం చూసుకుంటూ కాసేపు నిలబడ్డారు. చివరికి ఇంజెక్షన్ ఇవ్వకుండా చిన్న సెలైన్ సీసా తగిలించి, అరగంటకు మళ్లీ వచ్చి అదే ప్రశ్న వేశారు. బాధలో ఉన్న మనిషిని మార్కులు అడగడం సబబేనా? అలవాటు పడతారనే భయంతోనే గట్టి ఇంజెక్షన్ ఇవ్వరా? రెండో మోకాలికి కూడా ఆపరేషన్ చేయాలంటున్నారు కాబట్టి అడుగుతున్నాను.
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీకు కోపం తెప్పించిన రెండో రాత్రి సిస్టరే తన పని సరిగ్గా చేశారని, పొరపాటు జరిగింది మొదటి రాత్రేనని నా అభిప్రాయం.

జ్వరానికి థర్మామీటరు ఉంది, రక్తపోటుకు యంత్రం ఉంది, నొప్పిని కొలిచే పరికరం మాత్రం వార్డుల్లో లేదు. నాడి, రక్తపోటు మామూలుగా ఉన్నంత మాత్రాన నొప్పి లేదనడానికీ వీల్లేదు. అందుకే మార్గో మెకాఫరీ అనే అమెరికన్ నర్సు, నొప్పి అంటే దాన్ని అనుభవించే మనిషి ఏది చెబితే అదేనని, ఉందని చెప్పినప్పుడల్లా అది ఉన్నట్టేనని 1968లోనే రాశారు. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం కూడా 2020లో సవరించిన నిర్వచనానికి జతచేసిన వివరణలో, రోగి తన నొప్పి గురించి చెప్పిన మాటను గౌరవించాలని పేర్కొంది. కన్నతండ్రి బాధ చూడలేని కొడుక్కి అది ఉన్నదానికంటే పెద్దదిగా కనిపించవచ్చు, మూలుగు ఆగగానే తగ్గిపోయిందనీ అనిపించవచ్చు. ఆ సిస్టరు మిమ్మల్ని దాటి ఆయనను అడిగింది ఇందుకే.

0 అంటే నొప్పి లేదని, 10 అంటే ఊహించగలిగినంత తీవ్రమని లెక్క. ఒక అంకె ఒంటరిగా చెప్పేది తక్కువే. మందుకు ముందు 8 అన్నవారు తర్వాత 4 అన్నారా, 7 దగ్గరే ఆగారా అన్న పోలిక మీదనే తర్వాతి నిర్ణయం ఆధారపడుతుంది. కాబట్టి సూదిమందు ఇచ్చాక సుమారు 15 నుంచి 30 నిమిషాలకు, మాత్ర అయితే గంటకు మళ్లీ అడగాలి. కదలకుండా ఉన్నప్పుడు ఒకసారి, కదిలినప్పుడు ఒకసారి అడగడం ఇంకా మంచిది. పడుకుని 3 అన్న మనిషే మోకాలు మడిచేటప్పుడు 8 అనవచ్చు, ఆ 8ని తగ్గించకపోతే ఆయన నడవరు, నడవకపోతే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది.

అయితే మన పెద్దల్లో చాలామందికి ఈ అంకెలు అలవాటు లేవు. "ఏదో ఉందిలేమ్మా, పర్వాలేదు" అంటారు. అటువంటివారిని రూపాయిలో ఎంత తగ్గిందని అడిగితే పావలా వంతనో, ముప్పావలా వంతనో టక్కున చెబుతారు. ఎప్పుడూ ఒకే కొలత వాడినంత కాలం అదీ పనికొస్తుంది. అంకె కంటే విలువైనవి కొన్నిసార్లు మన మాటలే. పోటు, సలుపు, తీపు, మంట, మెలిపెట్టడం, జివ్వుమనడం, సూదులతో పొడిచినట్టు ఉండటం ఒకటి కాదు. మంట, జివ్వుమనడం, సూదిపోట్లు నరాల నుంచి వచ్చే నొప్పిని సూచించవచ్చు, దానికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, వేరే రకం మందులు కావాలి. నాన్నగారు "సలుపుతోంది" అంటే దాన్ని "పెయిన్"గా మార్చకుండా ఆ మాటనే నర్సుకు చేరవేయండి.

ఛాతీ వైపు చూస్తూ ఆ సిస్టరు లెక్కపెట్టింది బహుశా శ్వాసను. మార్ఫిన్, ఫెంటనిల్ వంటి గట్టి నొప్పి మందులు మోతాదు మించితే ముందుగా మత్తు పెంచి, ఆ తర్వాత శ్వాసను మందగింపజేస్తాయి. పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి ఆడుతుంది. అది 10 కంటే తగ్గినా, పిలిస్తే సరిగా పలకకపోయినా తర్వాతి మోతాదు ఆపి డాక్టరును పిలుస్తారు. అటువంటి మందు తీసుకున్నవారు పెద్ద గురకతో, లేపినా లేవనంతగా నిద్రపోతుంటే హాయిగా పడుకున్నారని ఊరుకోకండి, వెంటనే చెప్పండి.

ఆ చిన్న సీసా పారాసెటమాల్ అయ్యే అవకాశం ఎక్కువ. 100 మిల్లీలీటర్ల సీసాలో ఒక గ్రాము మందు ఉంటుంది, చూడటానికి సెలైన్‌లాగే ఉంటుంది. అదేమిటో సిస్టరు ఒక్క మాట చెప్పి ఉంటే మీకు ఇంత బాధ ఉండేది కాదు, ఆ లోపం ఆమెది. మీరు మాత్రం ఇంటి నుంచి తెచ్చిన మాత్రలు చాటుగా వేయకండి. సీసా, మాత్రలు అన్నీ కలిపి పారాసెటమాల్ పెద్దవారికి రోజుకు 4 గ్రాములు దాటకూడదు, వృద్ధులకు, బక్కపలచనివారికి ఇంకా తక్కువే, దాటితే కాలేయం దెబ్బతింటుంది.

ఇక మొదటి రాత్రి సంగతి. మోతాదుల మధ్య వ్యవధి పాటించాల్సిందే, కానీ "టైం కాలేదు" అన్నచోట పని ముగియదు. నొప్పి ఎంత ఉందో అడిగి, కట్టు బిగుసుకుందేమో చూసి, మంచు కాపడం పెట్టి, అయినా తగ్గకపోతే డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేయాలి. ఈసారి అలా జరిగితే డాక్టరును పిలవమని మర్యాదగానే, గట్టిగా అడగండి.

ఆపరేషన్ తర్వాత కొద్ది రోజులు వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ వంటి మందులు వ్యసనంగా మారడం అరుదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల ఈ మందులను తాళంలో ఉంచి ప్రతి చుక్కకూ లెక్క రాయాలి. వైద్య అవసరాలకు అవి సులువుగా అందాలని 2014లో ఆ చట్టాన్ని సవరించారు. అలవాటు కంటే ముందు కనిపించే ఇబ్బంది మలబద్ధకం. దానికి మందు మొదటి రోజు నుంచే అడగండి.

రెండో ఆపరేషన్‌కు ముందే, నాన్నగారు నొప్పి బయటికి చెప్పుకునే మనిషి కాదని వార్డులో చెప్పి రాయించండి. ఫిజియోథెరపీకి అరగంట, గంట ముందు మందు పడేలా చూడమనండి. సుఖంగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టకండి, కాలు వంగినట్టే బిగుసుకుపోతుంది, మడమ కింద పెట్టవచ్చు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు వస్తే తెల్లవారే దాకా ఆగకుండా చెప్పండి.

ప్రశ్న: మా అత్తగారికి మతిమరుపు వ్యాధి ముదిరి మాట పోయింది. తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నారు. ఆమె నొప్పి నర్సులకు ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: ఇటువంటివారిలో శ్వాస తీరు, మూలుగు, ముఖకవళికలు, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరట పడుతున్నారా లేదా అన్న ఐదింటిని గమనించి, ఒక్కోదానికి 0 నుంచి 2 వరకు వేసి మొత్తం పదికి లెక్కకట్టే పద్ధతి ఉంది. పక్క మార్చేటప్పుడు, ఒళ్లు తుడిచేటప్పుడు చూస్తేనే అది సరిగా తెలుస్తుంది. ఆమె మామూలుగా ఎలా ఉంటారో మీకు తెలిసినట్టు నర్సులకు తెలియదు. బాధ కలిగితే ఆమె చీర కొంగు నలుపుతారో, అన్నం వద్దని మూతి తిప్పుకుంటారో, ఎవరినీ ముట్టుకోనివ్వరో ఒక కాగితం మీద రాసి కేసు షీటుకు జతచేయమని ఇవ్వండి.