తల ఎత్తిన తాత

నల్లగొండ

బిడ్డా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మర్రిగూడ దగ్గరి మీ ఊరు, ఆ బోరునీళ్లు, ఫ్లోరైడ్‌తో ఎముకలు బిగుసుకుపోయిన తాత. మొదటి పేజీకే గొంతు పట్టేసింది. మూడో పేజీలో ‘తాత తల పైకెత్తి మబ్బుల వైపు ఆశగా చూశాడు’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. వెన్నూ మెడా కొయ్యబారిన మనిషి తల ఎలా ఎత్తుతాడు? పక్క నుంచి ఎవరైనా పిలిస్తే మనిషికి మనిషే తిరగాలి కదా! ఫోనులో అడిగితే, ఆ భాగం చాట్‌జీపీటీ రాసిందని దాచకుండా చెప్పావు. అందుకే ఈ ఉత్తరం.

ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలేనన్ని పేజీలు చదివి, ఏ మాట వెనుక ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకుని, ఆ వరసలో పేరుస్తుంది. కథల్లో కరువు వస్తే ముసలి రైతులు మబ్బుల వైపు చూస్తారు. మీ తాత చేతా చూపించింది. దానికి ఆయన మెడ సంగతి ఏం తెలుసు? ఆయన్ను చూస్తూ పెరిగిన నువ్వు కూడా ఆ వాక్యాన్ని ఉండనిచ్చావు. నా బాధ అక్కడే.

2023 ఫిబ్రవరిలో అమెరికాలోని క్లార్క్స్‌వరల్డ్ అనే పత్రిక యంత్రం రాసిన కథల తాకిడికి తట్టుకోలేక కొంతకాలం రచనలు తీసుకోవడమే ఆపేసింది. ఆ తలుపు మూసుకుంటే బయట మిగిలింది నీలాంటి కొత్తవాళ్లే. యంత్రం రాతను పసిగట్టే సాధనాలనూ నమ్మలేం. చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్‌ఏఐ సంస్థ తాను తయారుచేసిన అలాంటి సాధనాన్నే, సరిగ్గా పట్టుకోలేకపోతోందని అదే ఏడాది జూలైలో పక్కన పెట్టింది. రేపు నువ్వు రాత్రంతా కూర్చుని రాసిన కథనూ సంపాదకుడు అనుమానంగా చూడవచ్చు.

తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉన్న రాతలో తెలుగు నూటికి ఒక వంతు కూడా లేదు. అందులో మునుగోడు, మర్రిగూడ పల్లెల మాట ఎంత ఉంటుంది? మన బతుకు ఎక్కని చోటి నుంచి మన బతుకునే అరువు తెచ్చుకుంటే, మళ్లీ మనం లేనివాళ్లమే అవుతాం. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను, కానీ నీ మీద కాదు.

అక్షరదోషాలు దిద్దుకోవడానికి వాడుకో, కాదనను. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న లెక్క కూడా అది చెబుతుంది, సరిచూసుకుని రాసుకో. మూడో పేజీ మాత్రం చింపేయి. ఆదివారం ఊరికి వెళ్లి తాత పక్కన కూర్చో. తల వెనక్కి వంచలేని ఆ మనిషి చెంబుతో నీళ్లు ఎలా తాగుతాడో చూసి, అది రాసి పంపు.

నీ రాక కోసం చూసే
పెదనాన్న