హుషారు అనే మాట గురించి

మల్లేశ్వరం, బెంగళూరు

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. తల్లీకొడుకుల మాటలు నాకెంతో నచ్చాయి. ఒక్కచోటే మనసు నిలవలేదు. మూడు పేజీల్లో "హుషారు" ఏడుసార్లు వచ్చింది. సీను హుషారుగా లేచాడు, హుషారుగా టిఫిన్ తిన్నాడు, పండగ కోసం నెలంతా హుషారుగా ఎదురుచూశాడు. ఆ చివరిది హుషారు కాదమ్మా, ఉత్సాహం. అది నెలల తరబడి మనసులో ఉండగలదు, మంచం పట్టినవాడికీ ఉంటుంది. నాట్యశాస్త్రం రాసిన భరతముని వీరరసానికి స్థాయీభావంగా, అంటే నిలిచి ఉండే మూలభావంగా, చెప్పింది ఆ ఉత్సాహాన్నే. హుషారు మాత్రం ఒంట్లో కనబడాలి. డప్పు మోగితే ఎక్కుతుంది, ఆగితే దిగిపోతుంది.

ఈ మాట ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. హోష్ అంటే స్పృహ, తెలివి. హోషియార్ అంటే మెలకువ గలవాడు. తమిళంలో ఉషార్ అంటే జాగ్రత్త. తెలంగాణలో "పోరడు మస్తు ఉషారు" అంటే తెలివైనవాడు, చురుకైనవాడు. నేనీ ఊరికొచ్చిన కొత్తలో మా ఇంటి ఓనరమ్మ "మగనిగె హుషారిల్ల" అంది. పిల్లాడు డీలాపడ్డాడనుకుని, ఆడుకుందాం రమ్మని చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి కాలిపోతోంది. కన్నడంలో హుషారిల్ల అంటే ఒంట్లో బాగాలేదని. చిన్నప్పట్నుంచీ వాడుతున్న మాట నాకు సగమే తెలుసని అప్పుడు అర్థమైంది.

వీలు చూసుకుని ఒకసారి తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్‌కి వెళ్లు. నేను పూలు కొనే చోట ఒక పెద్దావిడ మల్లెలు కడుతుంటుంది, మన తెలుగావిడే. చూపు పూలమీద ఉండదు, వచ్చేపోయేవాళ్ల మీద ఉంటుంది. వేళ్లు మాత్రం దారం మెలితిప్పి ముడి బిగిస్తూనే ఉంటాయి. మోచేతి నుంచి మూర కొలిచి, పైన నాలుగు వేళ్లు కొసరు వదిలి తెంపుతుంది. నాకు చిల్లర ఇస్తూనే వెనకున్నామెను "రా తల్లీ, ఇంకా మొగ్గలే, సాయంత్రానికి విచ్చుతాయి" అని పిలుస్తుంది. ఫార్సీవాళ్ల మెలకువ, మన ఉల్లాసం రెండూ ఆ చేతుల్లో ఉన్నాయి. ఆ చేతుల్ని నువ్వు సరిగ్గా చూపించగలిగితే, హుషారు అన్న మాట రాయకపోయినా పాఠకుడికి అదే తడుతుంది.

నీ ఏడింటిలో ఆరు తీసెయ్. "ఏరా, ఇవాళ భలే హుషారుగా ఉన్నావే?" అని తల్లి అడిగింది చూడు, అదొక్కటీ ఉంచు. కొడుకు మీద కన్నేసి ఉంచిన తల్లి అడిగే మాట అది. అక్కడ నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను.

తిరగరాసి పంపించు. చూస్తూ ఉంటాను.