చెన్నై ఎండలో డ్యాష్‌క్యామ్: 4కె కన్నా ముందు చూడవలసినవి

మీరు కొత్తగా హ్యాచ్‌బ్యాక్ కొన్నారు. రోజూ అంబత్తూరు నుంచి పాత మహాబలిపురం రోడ్డుకు వెళ్లి వస్తారు, నెలకు రెండుసార్లు నెల్లూరు ప్రయాణం ఉంటుంది. కారు ముందు అద్దానికి బిగించి దారంతా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ కోసం దుకాణానికి వెళితే 4కె (అతి స్పష్టమైన వీడియో రకం) తప్ప మరేదీ తీసుకోవద్దన్నారు, అది నిజమేనా అని అడిగారు. నేను కొళత్తూరులో ఉంటాను, మా సొంతూరు గూడూరు పక్కన. మీరు చెప్పిన దారుల్లోనే ఏడేళ్లుగా కారు నడుపుతున్నాను, ఇప్పుడు వాడుతున్నది నా మూడో కెమెరా. నా అనుభవం మీద చెబుతున్నాను: మన ఊళ్లో మొదట అడగవలసిన ప్రశ్న బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుందన్నది కాదు, ప్రమాదం జరిగిన నిమిషంలో ఆ కెమెరా పని చేస్తూ ఉంటుందా లేదా అన్నది.

ఇది నాకు 2021 మే నెలలో పాడి ఫ్లైఓవర్ ఎక్కుతుండగా తెలిసింది. వాహనాలన్నీ ఏటవాలు మీద నిలిచిపోయాయి. నేను హ్యాండ్ బ్రేక్ వేసి ఆగి ఉన్నాను. నా ముందున్న చిన్న సరకుల వ్యాను బ్రేకు వదలగానే వెనక్కి జారి వచ్చి నా బంపరును గుద్దింది. డ్రైవరు దిగివచ్చి, నేనే వెనుక నుంచి గుద్దానన్నాడు. ఇలాంటి సందర్భంలో చుట్టూ చేరినవారు వెనుక బండివాడిదే తప్పు అని ముందే తీర్మానించుకుంటారు. కెమెరా ఉందన్న ధైర్యంతో నేను అక్కడే ఫోను తీసి వీడియో చూపించబోయాను. కెమెరాలో ఉన్న చివరి ఫైలు పదకొండు రోజుల కిందటిది. అతని వెనుక దీపానికీ నా బంపరుకూ డబ్బు నేనే పెట్టుకున్నాను. ఆ రాత్రి ఇంటికి వచ్చి కెమెరాను అద్దం నుంచి ఊడదీసి చూస్తే, వెనుక మూత ఒక పక్క లేచి, ఆ సందులో గోరు పట్టేంత ఖాళీ కనిపించింది. లోపలి లిథియం బ్యాటరీ బొద్దుగా ఉబ్బిపోయి ఉంది.

కారణం ఎండే. చెన్నై నుంగంబాక్కం వాతావరణ కేంద్రంలో 2003 మే 31న 45 డిగ్రీలు నమోదైంది. అంత కాకపోయినా దాదాపు ప్రతి వేసవిలోనూ 40 దాటే రోజులు మనకు కొత్త కాదు. బయట ఆ వేడి ఉన్నప్పుడు అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది, ముందు అద్దానికి అతుక్కుని ఉన్న కెమెరాకు సూటిగా ఎండే తగులుతుంది. సాధారణ లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదని, 60 దాటిన వేడిలో వాడకూడదని తయారీదారులే హద్దులు పెడతారు. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి కారు తీసిన ప్రతిసారీ మనం ఆ హద్దు మీదే దాన్ని ఛార్జ్ చేస్తున్నాం. అందుకే మీరు కొనే కెమెరాలో బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉండాలి. ఇంజను ఆపాక చివరి ఫైలును సరిగ్గా మూసి భద్రపరచడానికి కావలసిన కొన్ని సెకన్ల విద్యుత్తును మాత్రమే అది నిల్వ ఉంచుతుంది, వేడిని మాత్రం బ్యాటరీ కన్నా ఎంతో మెరుగ్గా ఓర్చుకుంటుంది. పెట్టె మీద ఈ మాట రాసి లేకపోతే దుకాణదారుని అడగండి, ఆయన తడబడితే ఆ మోడల్ వదిలేయండి. నా దృష్టిలో దీనికి మించిన వడపోత మరొకటి లేదు.

ఇక 4కె సంగతి. 1080పి బొమ్మలో సుమారు 20 లక్షల పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు), 1440పిలో 37 లక్షలు, 4కెలో 83 లక్షలు ఉంటాయి. పగటి వెలుగులో, ఆగి ఉన్న బండి నంబరు ప్లేటు చదవడానికి ఈ తేడా నిజంగానే పనికివస్తుంది. అయితే పెట్టె మీది అంకెను నమ్మే ముందు లోపల బొమ్మను పట్టే చిప్, అంటే సెన్సర్ పేరు చూడాలి. ఉదాహరణకు సోనీ వారి ఐఎంఎక్స్335 మంచి సెన్సరే, కానీ దానిలో ఉన్నవి సుమారు 50 లక్షల పిక్సెళ్లే. దాన్ని పెట్టుకుని 4కె అని రాసినచోట బొమ్మను సాఫ్ట్‌వేర్‌తో సాగదీస్తున్నారనే అర్థం. సోనీ వారిదే ఐఎంఎక్స్415, వారి స్టార్విస్ 2 తరానికి చెందిన ఐఎంఎక్స్678 లాంటివైతే నిజమైన 4కె ఇవ్వగలవు. నిజమైన 4కెకు కూడా వేడి ఎక్కువ పుడుతుంది, కార్డు త్వరగా నిండుతుంది. మీ అవసరానికి మంచి సెన్సరు ఉన్న 1440పి చాలునని నేను అనుకుంటున్నాను, నేను వాడుతున్నదీ అదే.

రాత్రి విషయం వేరు, ఇక్కడ చాలామంది నిరాశపడతారు. చీకట్లో కెమెరా ఒక్కో చిత్రానికి ఎక్కువసేపు వెలుతురు తీసుకోవాలి కనుక, కదిలే బండి మీది అక్షరాలు అలుక్కుపోతాయి. పైగా కొత్త నంబరు ప్లేట్లు వెలుగును వెనక్కి కొట్టే రకం కావడంతో మన హెడ్‌లైటు పడగానే ప్లేటంతా తెల్లగా మెరిసిపోతుంది. హెచ్‌డీఆర్ (మరీ వెలుగునూ మరీ చీకటినీ సర్దే ఏర్పాటు) ఉంటే కొంత మేలు, పూర్తి పరిష్కారం మాత్రం ఏ ధరలోనూ లేదు. నిరుడు జనవరిలో గూడూరు నుంచి తిరిగి వస్తుంటే, తడ దాటిన తరువాత ఒక లారీ ఒక్కసారిగా మా వరుసలోకి వచ్చి, నా కుడివైపు అద్దాన్ని ఊడగొట్టి ఆగకుండా వెళ్లిపోయింది. వీడియోలో లారీ రంగు, వెనుక రాసిన అక్షరాలు, అది వరుస మారిన తీరు అన్నీ స్పష్టంగా ఉన్నాయి, నంబరు మాత్రం తెల్లటి మరకలా ఉంది. అయితే నా పక్కన కూర్చున్న నా భార్య ఆ క్షణంలోనే నంబరును గట్టిగా, రెండుసార్లు చదివింది. ఆ మాట రికార్డయింది. స్టేషన్‌లో ఆ పదిహేను సెకన్లు వినిపించాక ఫిర్యాదు రాసుకున్నారు, ఆ నంబరు ఆధారంగా యజమానిని గుర్తించారు, అద్దం ఖర్చు నాకు వచ్చింది. అందుకే కుటుంబ సంభాషణలు రికార్డవుతాయన్న జంకుతో చాలామంది ఆపివేసే మైకును నేను ఆపను, ఇంట్లోవారికి ఆ సంగతి ముందే చెప్పి ఉంచాను. వీడియో ఎవరికైనా పంపవలసి వస్తే, అవసరం లేని శబ్దం తీసేసిన నకలు పంపవచ్చు, అసలు ఫైలును మాత్రం తాకకూడదు.

కార్డు గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే కెమెరా బాగున్నా దెబ్బతినేది ఇక్కడే. సెకనుకు 15 మెగాబిట్ల చొప్పున రాసే 1080పి కెమెరా గంటకు దాదాపు 6.75 జీబీ వాడుతుంది, 30 మెగాబిట్ల 4కె అయితే 13.5 జీబీ. అంటే 64 జీబీ కార్డులో 4కె అయిదు గంటలు కూడా నిలవదు, వెనుక కెమెరా కూడా ఉంటే ఇంకా తక్కువ. కార్డు నిండగానే కెమెరా పాత ఫైళ్లను చెరిపి వాటి మీదే కొత్తవి రాస్తుంది. పొద్దున నెల్లూరు వెళ్లేటప్పుడు జరిగినదాన్ని సాయంత్రం ఇంటికి వచ్చాక చూద్దామనుకుంటే, తిరుగు ప్రయాణం దాని మీద రాసేసి ఉంటుంది. కనుక 128 జీబీకి తగ్గకండి, అదీ ఫోన్లలో వేసే మామూలు కార్డు కాకుండా, నిరంతరం చెరిపి రాయడాన్ని ఓర్చుకునే హై ఎండ్యూరెన్స్ రకమే తీసుకోండి. శాండిస్క్, శామ్‌సంగ్ రెండింటిలోనూ ఆ పేరుతో ఉన్నాయి. నకిలీ కార్డులు ఎక్కువ కాబట్టి బిల్లు ఇచ్చేచోటే కొనండి. అరిగిపోయిన కార్డు చాలాసార్లు చప్పుడు లేకుండా చదవడానికి మాత్రమే అన్న స్థితికి వెళ్లిపోతుంది: తెరమీద ఎర్ర చుక్క వెలుగుతూనే ఉన్నట్లు అనిపిస్తుంది, కొత్తది ఏదీ అందులో చేరదు. నా రెండో కెమెరాలో ఇదే జరిగింది. ప్రతి నెల మొదటి ఆదివారం తనిఖీ చేసే అలవాటు అప్పటికి వచ్చి ఉండడం వల్ల నష్టం లేకుండా బయటపడ్డాను. ఆ తనిఖీలో చేసేది పెద్దగా ఏమీ లేదు. కావలసిన ఫైళ్లు దించుకోవడం, నిన్నటి ఫైలు ఉందో లేదో చూడడం, కార్డును కంప్యూటరులో కాక కెమెరాలోనే ఫార్మాట్ చేయడం.

దీనికి తోడు జీ-సెన్సర్. బండి అదిరినప్పుడు ఆ ఫైలును చెరిగిపోకుండా తాళం వేసే ఏర్పాటు అది. మన వీధుల్లోని స్పీడ్ బ్రేకర్లకూ గుంతలకూ దాన్ని ఎక్కువ సున్నితంగా ఉంచితే ప్రతి కుదుపునూ ప్రమాదమనుకుని తాళం వేస్తుంది, తాళం వేసిన ఫైళ్లతోనే కార్డు నిండిపోతుంది. అన్నిటికన్నా తక్కువ స్థాయిలో పెట్టి, అవసరమైనప్పుడు బటను నొక్కి భద్రపరచుకోవడం నాకు సరిపోయింది.

బిగించే చోటు వెనుక చూసే అద్దం చాటున ఉండాలి, మీ చూపుకు అడ్డు రాకూడదు. అంతకన్నా మరచిపోయే విషయం ఏమిటంటే, లెన్సు ముందున్న గాజును వైపర్ తుడవాలి. మరీ పైకి, నల్ల చుక్కల అంచు దగ్గర అతికిస్తే నవంబరు వానల్లో తెరమీద నీళ్లు తప్ప మరేమీ కనిపించవు. రబ్బరు కప్పుతో గాజుకు పట్టుకునేవి మన ఎండకు ఊడిపడతాయి, రెండువైపులా అంటుకునే టేపు రకమే మేలు. వైరును తలుపు పక్కనున్న స్తంభం లోపలి నుంచి తెచ్చేటప్పుడు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో పక్క కిటికీల మీదికి తెరలా విచ్చుకునే గాలి సంచి) ఉంటే వైరు దాని వెనుక నుంచి పోవాలి, దాని ముందు నుంచి అడ్డంగా పోకూడదు. బిగించే అబ్బాయి పక్కన నిలబడి ఈ ఒక్కటి చూసుకోండి, ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

వెనుక కెమెరా తీసుకోమనే నా సలహా, ఎందుకంటే నగరంలో వెనుక నుంచి వచ్చి తగిలే బండ్లు తక్కువేమీ కాదు. కారు ఆపి ఉన్నప్పుడూ రికార్డు చేసే పార్కింగ్ మోడ్ మాత్రం మీరు రాత్రి కారును వీధిలో నిలిపేవారైతేనే పెట్టించండి. దానికి ఫ్యూజ్ బాక్సు నుంచి విద్యుత్తు తీసుకునే హార్డ్‌వైర్ కిట్ కావాలి. వైరు కోయకుండా ఫ్యూజ్ ట్యాప్‌తో కలిపేదే అడగండి, కారు వారంటీ గొడవ రాకుండా ఉంటుంది. పూర్తిగా ఛార్జయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది కనుక, 12.2కు పడిపోగానే కెమెరా ఆగిపోయేలా కిట్‌ను అమర్చుకుంటే పొద్దున కారు స్టార్టు అవుతుంది. అపార్ట్‌మెంటు లోపల నిలిపేవారికి ఇదంతా అనవసరం.

సెట్టింగుల్లో రెండే చూడండి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్‌లో ఉంటే వీధి దీపాల మినుకు తగ్గుతుంది. రెండవది సమయం. ఈ కెమెరాలు చాలావరకు చైనాలో తయారవుతాయి కాబట్టి కొన్ని అక్కడి కాలమానంతోనే మన చేతికి వస్తాయి, అలాగే వదిలేస్తే వీడియో మీద పడే సమయం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ప్రమాదం ఉదయం 9 గంటలకు జరిగితే ఫైలు మీద పదకొండున్నర అని ఉంటుంది, ఎదుటి పక్షానికి ప్రశ్నించడానికి అంతకన్నా ఏం కావాలి? జీపీఎస్ ఉన్న మోడల్ అయితే మన కాలమానాన్ని ఒకసారి ఎంచుకుంటే సమయాన్ని తానే సరిచేసుకుంటుంది, కానీ అది మీ వేగాన్ని కూడా రాస్తుంది. ఆ అంకె మీకు అనుకూలంగా ఎంత మాట్లాడుతుందో వ్యతిరేకంగానూ అంతే మాట్లాడుతుందని తెలిసే పెట్టుకోండి.

వీడియో అవసరపడిన రోజున మొదట చేయవలసింది కార్డును తీసి పక్కన పెట్టి కెమెరాలో మరో కార్డు వేయడం. ఒక అదనపు కార్డు కారులోనే ఉంచుకోండి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం నకలు ఫైలును కోర్టులో ఇవ్వాలంటే దాని హ్యాష్ విలువతో (ఫైలు ఏ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి అంకెతో) కూడిన ధ్రువపత్రం జతచేయాలి. పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కింద కూడా అలాంటి ధ్రువపత్రం తప్పనిసరేనని, అసలు పరికరాన్నే హాజరుపరిస్తే అక్కరలేదని సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ కేసులో చెప్పింది. కనుక అసలు కార్డే మీ బలం. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది కుదించుకుపోతుంది, కత్తిరిస్తే హ్యాష్ మారిపోతుంది. 2023 జనవరిలో బెంగళూరు సర్జాపూర్ రోడ్డులో తెల్లవారుజామున ఒక జంట కారును కావాలని ఢీకొని వెంటపడిన ఇద్దరిని పోలీసులు అరెస్టు చేసిన ఉదంతంలో, బయటకు వచ్చిన డ్యాష్‌క్యామ్ దృశ్యమే జరిగినదాన్ని చూపించింది.

కాబట్టి సూపర్ కెపాసిటర్, మంచి సెన్సరుతో 1440పి, వెనుక కెమెరా, 128 జీబీ హై ఎండ్యూరెన్స్ కార్డు అడిగి తీసుకోండి, ఆ తరువాత డబ్బు మిగిలితే 4కె ఆలోచించవచ్చు. బిగించాక తొలి నెల్లూరు ప్రయాణంలో నల్లూరు టోల్ దగ్గర ఆగినప్పుడు ముందున్న కారు నంబరును నోటితో ఒకసారి చదవండి. రాత్రి తిరిగి వచ్చేటప్పుడు కూడా అలాగే చేయండి. ఇంటికి వచ్చి ఆ రెండు ఫైళ్లనూ ఫోనులో కాకుండా పెద్ద తెర మీద చూడండి. పగటి ఫైలులో నంబరు కంటికి, రాత్రి ఫైలులో కనీసం చెవికి అందకపోతే, దుకాణం వెనక్కి తీసుకునే గడువు ముగియక ముందే మార్చుకోండి.